పోయిన లెక్కలు దొరుకుతాయా?

అది గ్రామ సమాఖ్య ఆఫీసు. ఒక చిన్న గది. గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక బీరువా, ఒక పాత కంప్యూటరు ఉన్నాయి. ఊళ్ళో ఉన్న 22 పొదుపు సంఘాల లెక్కలు ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. ఎవరు ఎంత పొదుపు చేశారు? ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు? ఎంత కట్టారు? ఇంకా ఎంత కట్టాలి? అన్నీ అందులోనే. మొత్తం 8 ఏళ్ళ లెక్కలు.

ఒక శనివారం కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని ఒక కుర్రాణ్ణి పిలిచారు. అతను ఏవేవో మీటలు నొక్కాడు. "ఫార్మాట్ చేశానక్కా. ఇక గుర్రంలా పరుగెడుతుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఒక సభ్యురాలి ఇంటి పెళ్ళి వీడియోను అదే కంప్యూటరులోకి ఎక్కించారు.

సోమవారం పొద్దున యానిమేటరు లెక్కలు తెరవబోయింది. పెళ్ళి వీడియో ఉంది. లెక్కలు లేవు. ఆమెకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

అదే సమయానికి ఒక పెద్దావిడ వచ్చింది. రెండేళ్ళ కిందట గేదె కొనుక్కోవడానికి సంఘంలో 30,000 రూపాయలు అప్పు తీసుకుంది. నెల నెలా కట్టి పోయిన నెలలోనే తీర్చేసింది. "అమ్మాయ్, అప్పు తీరిందని కాగితం ఇస్తానన్నావుగా?" అని అడిగింది. గురువారం మీటింగు. ఆ కాగితం ఉంటేనే కొత్త అప్పుల జాబితాలో ఆమె పేరు చేరుతుంది.

యానిమేటరు ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పింది. నలుగురూ చేరారు. ఒకామె అంది: "మా అబ్బాయి ఫోనులో చూపించాడు. పోయిన ఫైళ్ళు తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. నూటికి నూరు శాతం గ్యారంటీ అని రాసి ఉంది."

నిజమేనా? అలాంటి సాఫ్ట్‌వేర్‌ను నమ్మవచ్చా?

డిస్క్ లోపల ఏముంది?

కంప్యూటరులో లెక్కలు, ఫోటోలు, పాటలు దాచే పెట్టె పేరు హార్డ్ డిస్క్. అది అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. అవి నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతాయి. పళ్ళెం మీద ఒక సన్నటి చేయి అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఆ చేయి చివర ఉన్న చిన్న తల అయస్కాంత శక్తితో అక్షరాలు రాస్తుంది, చదువుతుంది. తల పళ్ళేన్ని తాకదు. రెంటికీ మధ్య ఉండే ఖాళీ, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు.

మొదటి హార్డ్ డిస్క్ యంత్రాన్ని 1956లో ఐ.బి.ఎం. కంపెనీ అమెరికాలో తయారు చేసింది. అందులో 50 పళ్ళేలు ఉండేవి. ఒక్కో పళ్ళెం 2 అడుగుల వెడల్పు. అంత పెద్ద యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాడు ఫోనులో తీసిన ఒకటి రెండు ఫోటోలకే అంత చోటు పడుతుంది.

చెరిపితే పోతుందా?

పొలానికి అడంగల్ ఉంటుంది. ఏ సర్వే నంబరు పొలం ఎవరిది, ఎక్కడ ఉంది అన్నది అందులో రాసి ఉంటుంది. అడంగల్‌లో పేరు కొట్టేస్తే పొలం మాయమైపోతుందా? పోదు. పొలం అక్కడే ఉంటుంది. అందులో పంట కూడా అలాగే ఉంటుంది. ఇంకొకరు వచ్చి దున్ని, కొత్త పైరు వేస్తేనే పాత పంట పోతుంది.

హార్డ్ డిస్కులో కూడా ఒక జాబితా ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడ ఉందో అందులో రాసి ఉంటుంది. ఫైలును డిలీట్ చేస్తే, మామూలుగా జాబితాలో పేరు మాత్రమే పోతుంది. తొందర ఫార్మాట్ చేస్తే పాత జాబితా బదులు కొత్త ఖాళీ జాబితా వస్తుంది. రాసినదంతా పళ్ళెం మీద ఇంకా అలాగే ఉంటుంది. ఆ చోటు ఖాళీ అని కంప్యూటరు అనుకుంటుంది, అంతే. దాని మీద కొత్తది రాస్తే అప్పుడు పాతది పోతుంది.

కానీ ఒక తేడా ఉంది. ఈనాటి విండోస్ కంప్యూటర్లలో పూర్తి ఫార్మాట్ చేస్తే, జాబితాతో పాటు లోపలి రాత కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తేలేదు.

డిలీట్ చేసినవి నిజంగా డిస్కులో ఉంటాయా అని అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద కాలేజీ విద్యార్థులు ఇద్దరు పరీక్షించారు. వాళ్ళు 158 పాత హార్డ్ డిస్కులు కొన్నారు. అందులో 129 పనిచేశాయి. వాటిలో సరిగా తుడిచినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో జనం ఉత్తరాలు, జబ్బుల వివరాలు, 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. 2003లో వాళ్ళు ఈ సంగతి ప్రకటించారు.

అంటే పోయిన ఫైళ్ళను తెచ్చే సాఫ్ట్‌వేర్ అబద్ధం కాదు. అది మంత్రం కూడా కాదు. జాబితాను పక్కన పెట్టి పళ్ళేన్ని మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. చాలా రకాల ఫైళ్ళకు మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఫోటోకు ఒక గుర్తు, లెక్కల కాగితానికి ఇంకో గుర్తు. ఆ గుర్తులు చూసి ఫైళ్ళను ఏరుతుంది. చేను కోశాక పరిగె ఏరినట్టు ఏరుతుంది. రాలి ఉన్న గింజనే ఏరగలం. లేని గింజను ఎవరూ ఏరలేరు.

మెకానిక్ ఏం చేశాడు?

యానిమేటరు, మరో ఇద్దరు సభ్యులు కలిసి కంప్యూటరును మండల కేంద్రానికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక మెకానిక్ కొట్టు ఉంది. అతను ముందు మూడు ప్రశ్నలు వేశాడు.

"ఫార్మాట్ చేశాక అందులో ఏమైనా ఎక్కించారా అమ్మా?"

"పెళ్ళి వీడియో ఎక్కించాం."

"డిస్కులోంచి టక్ టక్ అని చప్పుడు ఏమైనా వస్తోందా?"

"లేదు తమ్ముడూ."

"సాఫ్ట్‌వేర్ ఏదైనా దింపి నడిపారా?"

"లేదు. నువ్వు చెప్పాకే అనుకున్నాం."

"బతికించారు" అన్నాడు అతను. చాలామంది కంగారులో అదే కంప్యూటరులోకి సాఫ్ట్‌వేర్ దింపుతారు. ఆ సాఫ్ట్‌వేరే వెళ్ళి పోయిన ఫైళ్ళ మీద కూర్చుంటుంది. వెతకడానికి వచ్చినవాడే పంటను తొక్కేసినట్టు అవుతుంది.

మెకానిక్ డిస్కును ఊడదీశాడు. తన కంప్యూటరుకు తగిలించాడు. వెంటనే వెతకలేదు. ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి అచ్చుగుద్దినట్టు కాపీ తీశాడు. అసలు డిస్కును తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత కాపీ మీదే సాఫ్ట్‌వేర్ నడిపించాడు. దొరికిన వాటిని మూడో చోట దాచాడు. పొరపాటు జరిగినా అసలుకు ముప్పు లేదు.

"లెక్కలన్నీ వస్తాయా తమ్ముడూ?" అని అడిగింది యానిమేటరు.

"చూడందే చెప్పలేనమ్మా. చూడకుండా వస్తాయని చెప్పేవాణ్ణి నమ్మకండి" అన్నాడతను.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ చేతులెత్తేస్తుంది?

డిస్కు కింద పడితేనో, అరిగిపోతేనో లోపలి తల చెడిపోతుంది. ఒక్కోసారి తల పళ్ళెం మీద గీసుకుపోతుంది. అప్పుడే టక్ టక్ అని చప్పుడు వస్తుంది. అలాంటి డిస్కు మీద సాఫ్ట్‌వేర్ నడపకూడదు. నడిపిన కొద్దీ గీతలు పెరుగుతాయి. కాలు విరిగిన ఎద్దును అదిలిస్తే నడుస్తుందా? ఉన్న కాలు కూడా పోతుంది. చప్పుడు వినగానే కరెంటు ఆపేయాలి. దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలో డిస్కును విప్పి బాగు చేసే నిపుణులు ఉంటారు. ఆ పని ఖర్చుతో కూడినది. లోపల ఉన్నది అంత విలువైనదైతేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

నిపుణుల చేతులు ఎంత పని చేయగలవో చెప్పే సంఘటన ఒకటి ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అనే అంతరిక్ష నౌక భూమికి తిరిగి వస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. శిథిలాలు ఏరుతుంటే కొన్ని నెలల తర్వాత ఎండిన చెరువులో ఒక హార్డ్ డిస్క్ దొరికింది. కాలిపోయి, రూపు మారిపోయి ఉంది. నౌకలో చేసిన ఒక ప్రయోగం లెక్కలు అందులో ఉన్నాయి. నిపుణులు పళ్ళేలను బయటికి తీసి, కడిగి, కొత్త పెట్టెలో బిగించారు. సుమారు 99 శాతం రాత తిరిగి వచ్చింది. ఆ ప్రయోగం ఫలితాన్ని 2008లో ప్రచురించారు.

కానీ అదే నౌకలోని మరో రెండు డిస్కుల నుంచి ఏమీ రాలేదు. మనుషులు వాళ్ళే, నేర్పు అదే. ఆ రెంటిలో మాత్రం రాత మిగలలేదు.

ఇంకో సంగతి. ఈ మధ్య కంప్యూటర్లలో ఎస్.ఎస్.డి. అనే కొత్త రకం డిస్కులు వస్తున్నాయి. వాటిలో పళ్ళేలు ఉండవు. తిరిగేది ఏదీ లేదు. అంతా చిప్పులే. పని చాలా వేగం. కానీ ఫైలును డిలీట్ చేయగానే, ఆ చోటు ఇక అక్కర్లేదని కంప్యూటరు డిస్కుకు చెబుతుంది. డిస్కు తనంతట తానే ఆ చోటును శుభ్రం చేసుకుంటుంది. అడంగల్‌లో పేరు కొట్టేసిన వెంటనే ట్రాక్టరు వచ్చి పొలం దున్నేసినట్టు. అందుకే వాటిలో డిలీట్ చేసినవి దొరకడం చాలా అరుదు.

ఫోన్లలోనూ దాదాపు అంతే. కొత్త ఫోన్లు లోపలిదంతా రహస్య భాషలో దాస్తాయి. ఫోనులో ఫోటో పోతే ముందు చెత్తబుట్టలో చూడాలి. ఫోటోల యాపులు డిలీట్ చేసిన వాటిని కొన్నాళ్ళు అక్కడే ఉంచుతాయి. అక్కడ లేకపోతే, వేరే చోట కాపీ ఉందేమో వెతకాలి. ఫోనులో పోయిన ప్రతి ఫోటోనూ తెస్తామనే యాపులను నమ్మకూడదు.

దొంగ సాఫ్ట్‌వేర్లు

జబ్బు మనిషి ఇంటికి నాటు మందులవాడు వచ్చినట్టు, ఫైళ్ళు పోయినవాళ్ళ దగ్గరికి మోసగాళ్ళు వస్తారు. కంగారులో ఉన్న మనిషి అడిగినంతా ఇస్తాడని వాళ్ళకు తెలుసు.

2010, 2011 సంవత్సరాల్లో 'విండోస్ రికవరీ' వంటి పేర్లతో దొంగ సాఫ్ట్‌వేర్లు చాలా దేశాల్లో కంప్యూటర్లలోకి చొరబడ్డాయి. "మీ హార్డ్ డిస్క్ పాడైపోయింది" అని తెర మీద హెచ్చరిక చూపేవి. నిజంగానే ఫైళ్ళు కనబడేవి కావు. ఎందుకంటే ఆ దొంగ సాఫ్ట్‌వేరే వాటిని దాచిపెట్టేది! "డబ్బు కడితే బాగు చేస్తాం" అనేది. డిస్కుకు ఏ జబ్బూ లేదు. వచ్చిన వైద్యుడే జబ్బు.

మరి మంచిదాన్ని గుర్తుపట్టడం ఎలా?

మంచి సాఫ్ట్‌వేర్‌కు తయారు చేసినవాళ్ళ పేరు, ఊరు తెలుస్తాయి. దాన్ని వాళ్ళ సొంత చోటు నుంచే దింపుకోవాలి. డబ్బు తీసుకునేదైతే, ముందు ఏమేం దొరికాయో ఉచితంగా చూపించాలి. డబ్బు ఆ తర్వాతే కట్టాలి. ఉచితంగా దొరికే మంచివి కూడా ఉన్నాయి. ఫ్రాన్స్ దేశస్థుడు క్రిస్టోఫ్ గ్రెనియే తయారు చేసిన 'ఫోటోరెక్' అలాంటిదే. అది ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్ళు ఎవరైనా లోపల చూసుకోవచ్చు. దొరికిన ఫైళ్ళను అదే డిస్కులో దాచవద్దని ఆ సాఫ్ట్‌వేరే హెచ్చరిస్తుంది.

డబ్బు పెట్టి కొనాల్సినదాన్ని ఎవరో తాళం పగలగొట్టి ఊరికే ఇస్తే తీసుకోకూడదు. దాంతో పాటు వైరస్ కూడా రావచ్చు. ఫోను చేసి "మీ కంప్యూటరు బాగు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకూడదు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు.

గురువారం మీటింగు

బుధవారం సాయంత్రానికి మెకానిక్ పని ముగించాడు. చాలా ఫైళ్ళు దొరికాయి. వాటికి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. జాబితా పోయింది కాబట్టి పేర్లు పోయాయి. యానిమేటరు పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ తెరిపించింది. దొరికిందని తెర మీద రాసినంత మాత్రాన సరిపోదు. తెరిచి, లోపలి అంకెలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి.

8 ఏళ్ళ లెక్కల్లో 7 ఏళ్ళవి చక్కగా తెరుచుకున్నాయి. ఎనిమిదోది తెరుచుకోలేదు. అది ఈ ఏడాది లెక్క. దాని మీద పెళ్ళి వీడియో కూర్చుంది. మెకానిక్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో కూడా వెతికాడు. ఫలితం లేదు. "దీనికి ఇక మందు లేదమ్మా. దీనికోసం ఇంకెక్కడా డబ్బు తగలెయ్యకండి" అని చెప్పాడు.

పెద్దావిడ ఆఖరి వాయిదాలన్నీ ఈ ఏడాదివే.

గురువారం అందరూ కూర్చున్నారు. యానిమేటరు తల దించుకుని చెప్పింది. ఎవరూ మాట్లాడలేదు. "కట్టానన్న మాట నిజమే అనుకో. రుజువేదీ?" అంది ఒకామె మెల్లగా.

పెద్దావిడ కొంగు ముడి విప్పలేదు. సంచిలోంచి ఒక చిన్న నోటు పుస్తకం తీసింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాక కొనుక్కున్న పుస్తకం అది. ప్రతి వాయిదాకూ తేదీ, రూపాయలు తన చేతితో రాసుకుంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ప్రతి వరసకూ ఎదురుగా యానిమేటరు సంతకం ఉంది.

"ఎందుకే పిన్నీ, కంప్యూటరులో ఉందిగా అంటే వినేదానివి కాదు. ప్రతిసారీ సంతకం పెట్టించుకునేదానివి" అంది యానిమేటరు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కంప్యూటరు మీద అనుమానం కాదమ్మా. నేను రాసుకుంటే నాకూ తెలుస్తుందిగా" అంది పెద్దావిడ.

బ్యాంకు పాసు పుస్తకంతో ఆ అంకెలను సరిచూశారు. సరిపోయాయి. అప్పు తీరిందని ఆ రోజే కాగితం ఇచ్చారు. మిగతా సభ్యుల పాసు పుస్తకాలు, సంఘాల తీర్మానాల పుస్తకాలు తెప్పించారు. మళ్ళీ ఈ ఏడాది లెక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పుస్తకం సరిగా రాసుకోని ముగ్గురి లెక్క మాత్రం తేలడానికి నెల పట్టింది.

రెండో ప్రతి

ఇలాంటి ఆపద పెద్ద కంపెనీలకూ వచ్చింది. 1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తయారవుతోంది. ఎవరో పొరపాటున ఒక ఆజ్ఞ నొక్కారు. సినిమాలో చాలా భాగం చెరిగిపోయింది. రెండో ప్రతి ఉందిలే అనుకున్నారు. తీసి చూస్తే అది సరిగా లేదు. ఎవరూ అంతకు ముందు దాన్ని తెరిచి చూడలేదు. చివరికి కాన్పయి ఇంటి దగ్గర నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని ఇంట్లో ఇంకో ప్రతి ఉందని గుర్తుకొచ్చింది. ఆ ప్రతే సినిమాను కాపాడింది. 1999లో సినిమా విడుదలైంది.

అందుకే రెండో ప్రతి ఉండాలి. ఒకే గదిలో కాకుండా వేరే చోట ఉండాలి. అప్పుడప్పుడు దాన్ని తెరిచి చూస్తుండాలి.

ఇప్పుడు ఆ సమాఖ్యలో ప్రతి శనివారం లెక్కలను ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారు. అది కోశాధికారి ఇంట్లో ఉంటుంది. నెలకొకసారి మీటింగులో దాన్ని తెరిచి అందరి ముందు చదువుతారు. ప్రతి సభ్యురాలూ తన లెక్క తన పుస్తకంలో రాసుకుంటోంది.

పోయిన ఫైళ్ళను తెచ్చే సాఫ్ట్‌వేర్‌ను నమ్మవచ్చు. మిగిలి ఉన్నదాన్ని వెతకడం వరకే నమ్మాలి. చెరిగిపోయినదాన్ని అది మళ్ళీ రాయలేదు.

గుర్తుంచుకోండి

1. ఫైళ్ళు పోయాయని తెలియగానే కంప్యూటరు వాడటం ఆపండి. కొత్తది ఏదీ ఎక్కించకండి.
2. డిస్కులో చప్పుడు వస్తే కరెంటు ఆపేయండి. సాఫ్ట్‌వేర్ నడపకండి.
3. ముందు డిస్కు మొత్తం కాపీ తీయించండి. కాపీ మీదే వెతికించండి.
4. దొరికిన ఫైళ్ళను తెరిచి చూశాకే డబ్బు కట్టండి.
5. పాత డిస్కు, పాత కంప్యూటరు అమ్మే ముందు లోపలి రాతను పూర్తిగా తుడిపించండి.

చర్చించండి

1. మీ సంఘం లెక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఒక చోట పోతే ఇంకో చోట దొరుకుతాయా?
2. పుస్తకం రాసుకోని ముగ్గురి లెక్క తేలడానికి నెల ఎందుకు పట్టింది?
3. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అని ఎవరైనా అంటే మీరు ఏమేం అడుగుతారు?